పసిబిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజు: దుస్తుల ఎంపికకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు చిన్నబజారులోనో ఒంగోలు ట్రంకు రోడ్డులోనో పిల్లల బట్టల దుకాణానికి వెళ్ళి, పుట్టబోయే బిడ్డకు బట్టలు కావాలని అడిగితే, దుకాణదారు సాధారణంగా ముందు తీసి చూపించేది పారదర్శకమైన పెట్టెలో అందంగా అమర్చిన సెట్టు. అందులో జుబ్బా, లాగు, టోపీ, చేతి గ్లౌజులు, మేజోళ్ళు, మెడకు కట్టే గుడ్డ, కొన్నిసార్లు ఒక చిన్న స్వెట్టరు కూడా ఉంటాయి. ఆ పెట్టె చూడముచ్చటగా ఉంటుంది, కానీ అందులోని వస్తువులన్నీ ఒకేసారి బిడ్డకు తొడగవలసిన రోజు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఏడాది మొత్తంలో ఏ నాలుగైదు ఉంటాయో. బిడ్డను ఇంటికి తెచ్చే రోజు దుస్తులను ఎంచుకునేటప్పుడు, అవి తొడిగాక ఎలా కనిపిస్తాయన్న దానికంటే ఎంత సులభంగా విప్పగలమన్నది ముందు చూసుకోవాలి. ఎందుకంటే ఆ ఒక్క రోజులో తల్లిదండ్రులు ఊహించిన దానికంటే ఎక్కువ సార్లు ఆ బట్టలను విప్పవలసి వస్తుంది. వెళ్ళే ముందు వైద్యులు చివరిసారి పరీక్షిస్తారు, బిడ్డ తడుపుతుంది, పాలు కక్కుతుంది, దారిలో ఒళ్ళు వేడెక్కితే ఒక పొర తీయవలసి వస్తుంది, ఇంటికి చేరగానే చూడవచ్చిన ప్రతి పెద్దమ్మా బిడ్డ కాళ్ళూ వేళ్ళూ చూస్తానంటుంది.

మొదట నెల, దూరం, వాహనం

కొనుగోలుకు బయలుదేరే ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెలిసి ఉండాలి. కాన్పు ఏ నెలలో, ఆసుపత్రి నుంచి ఇల్లు ఎంత దూరం, ప్రయాణం దేనిలో. తొలి కాన్పు పుట్టింట్లో జరిగే ఆనవాయితీ వల్ల బిడ్డ చాలాసార్లు చేరేది అమ్మమ్మగారి ఇంటికి, ఆ ఇల్లు ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉండాలని లేదు. నెల్లూరులో కాన్పై మూలాపేటకు వెళ్ళే బిడ్డకూ ఉదయగిరి వెళ్ళే బిడ్డకూ అవసరాలు ఒకటి కావు. ఒంగోలు నుంచి మార్కాపురం వైపు వెళ్ళేవారు దారిలో కనీసం ఒకసారి ఆగి పాలు ఇచ్చి, గుడ్డ మార్చవలసి వస్తుందని లెక్క వేసుకోవడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయినవారిని 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉచితంగా ఇంటి దగ్గర దింపుతుంది. కేంద్రం 2011లో ప్రారంభించిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కూడా ఇంటికి చేర్చడం ఉచిత సేవల్లో ఒకటి. వాహనం ఎప్పుడు వస్తుందో నిమిషాలతో సహా చెప్పలేం కనుక, బిడ్డకు పూర్తిగా బట్టలు తొడిగి వరండాలో కూర్చోబెట్టుకుని ఎదురుచూడకూడదు. వాహనం వచ్చిందని తెలిశాక తొడగడానికి రెండు నిమిషాలు చాలేట్టు బట్టలు ఉండాలి.

గుడ్డ

గుడ్డ విషయంలో ఎక్కువ చర్చ అవసరం లేదు: నూలు, అది కూడా మెత్తని పలుచని నూలు. మల్లు గుడ్డ, పలుచని హోజరీ గుడ్డ అన్నిటికంటే మేలు. చలికాలానికి ఫ్లానల్ ఒకటి ఉంటే చాలు. పాలిస్టరు, నెట్టు, జరీ, చెమ్కీ, గట్టి లేసు పసి చర్మానికి పనికిరావు. ఈ మాట చెప్పగానే ఇంట్లో ఎవరో ఒకరు "ఒక్క గంటే గదమ్మా, ఫోటో దిగి తీసేద్దాం" అంటారు. ఆ గంట మే నెల మధ్యాహ్నంలో పడితే నెట్టు గౌను కింద బిడ్డ మెడ మడతల్లో చెమటకాయలు లేవడానికి సరిపోతుంది.

కొన్న గుడ్డ కంటే మెత్తనిది ఇంట్లోనే ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన అమ్మమ్మ వెంకటగిరి నూలు చీరో, పాటూరు చీరో, తాతగారి పాత పంచో పొత్తిగుడ్డలకు మించినది లేదు. జరీ అంచు పూర్తిగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టించి, మీటరు చదరాన నాలుగైదు ముక్కలు చేసుకుంటే బిడ్డను పొత్తిళ్ళలో చుట్టడానికీ, ఒడిలో పరచుకోవడానికీ, వాహనంలో ఎండ అడ్డం పెట్టడానికీ అవే పనికివస్తాయి. అంచు కుట్టకుండా వదిలేస్తే పోగులు ఊడి వస్తాయి, వాటివల్ల వచ్చే ప్రమాదం గురించి కింద చెబుతాను.

కోత

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు కాబట్టి నిదానంగా చూద్దాం. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగోవంతు తలే ఉంటుంది, మెడ ఇంకా నిలవదు. కనుక తలమీదుగా తొడిగే బట్ట ఏదైనా, మెడ ఎంత వెడల్పుగా ఉన్నా, తొలిసారి తల్లిదండ్రులైనవారికి కష్టమే. ముందు వైపు పూర్తిగా తెరుచుకుని, ఒక పక్కమీద మరో పక్క మడిచి, పక్కన కట్టుకునే జుబ్బా అన్నిటికంటే అనుకూలం. దీన్ని పక్కమీద పరిచి, బిడ్డను దానిమీద పడుకోబెట్టి, ఒక్కో చేయి తొడిగి, మూసేస్తే సరిపోతుంది. వెనుక ముడివేసే జుబ్బాలు చవకగా దొరుకుతాయి గాని, బిడ్డ వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ ముడి సరిగ్గా వీపు కింద ఒత్తుకుంటుంది.

మెడ దగ్గర నాడా ఉన్నదాన్ని తీసుకోవద్దు. ఛాతీ పక్కన నాడాలు ఉంటే అవి ఒక చిన్న ముడి వేయడానికి సరిపడా పొడవు ఉంటే చాలు, మిగిలింది కత్తిరించండి. గుండీల కంటే టిచ్ బటన్లు నయం, అవి కూడా లోపలి వైపు నున్నగా ఉన్నాయో లేదో మీ మణికట్టు లోపలి భాగానికి రుద్ది చూసుకోండి. పూసలు, అద్దాలు, బట్టకు కుట్టిన చిన్న చిన్న బొమ్మలు ఊడి నోట్లోకి వెళ్ళగలవు.

బొడ్డు సంగతి వేరుగా చెప్పాలి. బొడ్డుకొస సాధారణంగా 5 నుంచి 15 రోజుల మధ్య ఎండి రాలిపోతుంది. అంతవరకు దానికి గాలి తగలాలి, తడి తగలకూడదు, ఒరిపిడి ఉండకూడదు. కనుక నడుము దగ్గర బిగుతు ఎలాస్టిక్ ఉన్న లాగులు ఆ రోజుకు వద్దు. లంగోటీ అయినా డైపరు అయినా ముందు అంచు బొడ్డుకు కింద ఉండేలా మడిచి కట్టాలి. ఇక ఎడమ భుజం మీద బీసీజీ టీకా, తొడకు హెపటైటిస్ బి టీకా వేసి ఉంటారు గనుక చేతులు వదులుగా ఉన్న జుబ్బానే తీసుకోవాలి. ఆసుపత్రివారు చేతికో కాలికో కట్టిన గుర్తింపు పట్టీ అవసరమైనప్పుడు వెంటనే కనిపించాలి, ఇంటికి చేరేదాకా దాన్ని కత్తిరించవద్దు.

దుకాణంలో ఇవన్నీ కుదిరిన జుబ్బా దొరకకపోతే బాధపడనవసరం లేదు. అర మీటరు మల్లు గుడ్డ తీసుకువెళ్ళి వీధి చివరి దర్జీకి ఇస్తే చాలు. ఛాతీ చుట్టుకొలత 17 నుంచి 18 అంగుళాలు, పొడవు 10 నుంచి 11 అంగుళాలు, చేతులు వెడల్పుగా, కుట్ల అంచులు లోపలికి కాకుండా బయటికి ఉండేలా కుట్టమనండి. బయటికి కుట్టు కనిపిస్తే అందం చెడుతుందని దర్జీ అభ్యంతరం చెబుతాడు, వినవద్దు.

కొలత

మన దగ్గర నెలలు నిండి పుట్టే బిడ్డల్లో చాలామంది 2.5 నుంచి 3.2 కిలోల మధ్య ఉంటారు, పొడవు 50 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ‘0 నుంచి 3 నెలలు’ అని రాసి ఉన్న కంపెనీ బట్ట ఇలాంటి బిడ్డకు చాలా వదులుగా ఉండి, మెడ భాగం జారి గడ్డం మీదికి, అక్కడినుంచి ముక్కు మీదికి వస్తుంది. ‘న్యూబార్న్’ అని రాసి ఉన్నది ఒకటి, ‘0 నుంచి 3’ ఒకటి తీసి పెట్టుకుంటే ఏదో ఒకటి సరిపోతుంది. బరువు 2.5 కిలోలకు తక్కువ ఉన్న బిడ్డ, నెలలు నిండక పుట్టిన బిడ్డ అయితే ఈ మార్గదర్శిలోని కాలాలవారీ సూచనలు అంతగా వర్తించవు. అటువంటి బిడ్డను తల్లి ఛాతీకి చర్మం ఆనేలా కట్టుకునే కంగారూ పద్ధతి వైద్యులు నేర్పి పంపుతారు, అప్పుడు టోపీ, డైపరు, మేజోళ్ళు తప్ప మధ్యలో వేరే బట్ట ఉండకూడదు. ఎన్ని పొరలన్నది వారు చెప్పినట్టే చేయాలి.

ఉతకడం, దాచడం

కొత్త బట్టలో గంజి, రంగు, మడతలు నిలవడానికి పూసిన మందులు ఉంటాయి. అందువల్ల కాన్పుకు నెల ముందే అన్నిటినీ ఒకటి రెండు సార్లు ఉతికి ఎండలో ఆరవేయాలి. వాసనలేని తేలికపాటి సబ్బు గానీ, మన ఇళ్ళలో అలవాటున్న కుంకుడు రసం గానీ చాలు. బట్ట మెత్తబరిచే సువాసన ద్రవాలు వద్దు. ఉతికాక ప్రతి గ్లౌజునూ మేజోడునూ లోపలి వైపుకు తిప్పి, వదులుగా వేలాడే దారాలను కత్తిరించండి. ఒక వెంట్రుకో దారపు పోగో బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే, బిడ్డ ఎందుకు ఏడుస్తుందో గంటల తరబడి ఎవరికీ తెలియదు, వేలు వాచి కందిపోతుంది. అసలు ఎండాకాలంలో గ్లౌజులు అక్కరలేదు, గోళ్ళు నున్నగా ఉంచితే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇది. బీరువాలోనో ట్రంకుపెట్టెలోనో కలరా ఉండలు వేసి దాచిన బట్టలను పసిబిడ్డకు వాడకూడదు. తల్లి తొడుక్కున్న తొలి జుబ్బాను పాతికేళ్ళు భద్రపరిచి మనవరాలికి తొడగాలని అమ్మమ్మ ఆశపడటం సహజం, కానీ ఆ ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవి. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పుట్టినప్పుడు పైకి కనిపించదు. ఆ జుబ్బాను ఫోటోలో పక్కన పెట్టుకోండి, ఒంటిమీద వద్దు. పొత్తిగుడ్డలకు కూడా, పెట్టెలో దాచిన పట్టుచీరల మధ్య ఉన్న నూలు చీర కాకుండా, రోజూ కట్టి ఉతికిన చీరనే ఎంచుకోమని చెప్పడం అందుకే.

కాలాన్ని బట్టి పొరలు

పుట్టిన బిడ్డ చలికి పెద్దవారిలా వణికి వేడి పుట్టించుకోలేదు, వేడికి బాగా చెమట పట్టి చల్లబడనూ లేదు. కనుక రెండు వైపులా జాగ్రత్త కావాలి. అయితే మన ఇళ్ళలో జాగ్రత్త దాదాపు ఎప్పుడూ చలి వైపే మొగ్గుతుంది. మా చెల్లెలి కూతురిని రోహిణి కార్తెలో నెల్లూరు నుంచి ఆత్మకూరు తీసుకువెళ్ళినప్పుడు స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు, పైన రెండు దుప్పట్లు చుట్టాం. దారి సగం దాటేసరికి బిడ్డ మొహం ఎర్రబడి, పాలు పట్టడం మానేసి, నీరసంగా మూలిగింది. రోడ్డు పక్క వేపచెట్టు కింద ఆపి అన్నీ విప్పి జుబ్బా ఒక్కటి ఉంచితే పది నిమిషాల్లో పాలకు నోరు తెరిచింది. మేం అదృష్టవంతులం. పసిబిడ్డ పాలు తాగకుండా నీరసపడితే పొర తీసి ఊరుకోకుండా వైద్యులకు చూపించాలన్నది అప్పటికి మాకు తెలియదు.

మార్చి నుంచి జూన్ దాకా, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో, మల్లు జుబ్బా ఒకటి, లంగోటీ లేదా డైపరు ఒకటి, పైన కప్పడానికి పలుచని పొత్తిగుడ్డ ఒకటి చాలు. టోపీ, మేజోళ్ళు, గ్లౌజులు సంచిలో ఉండనివ్వండి. వీలైతే పొద్దున తొమ్మిదిలోపు గానీ సాయంత్రం ఎండ దిగాక గానీ బయలుదేరండి. ఏసీ కారైతే ఒక పలుచని పొర పెంచి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా తిప్పి, లోపల 25 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి.

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తుఫాను పట్టిందంటే మూడు రోజులు బట్టలు ఆరవు. కార్తీకంలో కాన్పు ఉన్నవారు ఇంట్లో సిద్ధంగా ఉంచుకునే జుబ్బాల లెక్క ఆరు నుంచి పన్నెండుకు, లంగోటీల లెక్క రెండింతలకు పెంచుకోవాలి. ప్రయాణం రోజున జుబ్బా మీద రెండో నూలు పొర, టోపీ, మేజోళ్ళు వేసి, వాన చినుకు పడకుండా గొడుగు పట్టండి. బిడ్డ చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

డిసెంబరు, జనవరి నెలల్లో తీరం వైపు తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు మెట్ట ప్రాంతంలో రాత్రిళ్ళు ఇంకాస్త చల్లగా ఉంటాయి. అక్కడ మాత్రం పెట్టెలోని సెట్టు అక్కరకు వస్తుంది. నూలు జుబ్బా, ఫ్లానల్ చొక్కా, లాగు, మేజోళ్ళు, టోపీ, పైన ఒక దుప్పటి వేయవచ్చు. ఉన్ని నేరుగా చర్మానికి తగలకుండా చూడాలి. మనం సౌకర్యంగా ఉండటానికి ఎన్ని పొరలు వేసుకున్నామో బిడ్డకు దానికంటే ఒకటి ఎక్కువ అన్న లెక్క చలికాలానికి సరిపోతుంది, ఎండాకాలానికి కాదు.

పురుడు కాకముందు కొత్త బట్టా?

పురిటి శుద్ధి జరిగేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగకూడదన్న పట్టింపు మన వైపు చాలా ఇళ్ళలో ఉంది, దాన్ని కొట్టిపారేయనవసరం లేదు. ఉతికి మెత్తబడిన బట్టే ఆ పదిరోజులూ మేలన్నది పై వివరాలను బట్టి మీకే తెలిసి ఉంటుంది. అక్క పిల్లలకు వాడిన జుబ్బాను ఉతికి తొడిగితే పెద్దల మాటా నిలుస్తుంది, బిడ్డకూ సుఖం. తల్లిదండ్రులు ముచ్చటపడి కొన్న గౌనును పదకొండో రోజుకో ఇరవై ఒకటో రోజుకో అట్టిపెట్టుకోవచ్చు. నల్లపూసలు, దిష్టి దారాలు మెడకు కట్టవద్దు. కాటుక కంట్లో పెట్టవద్దు, సీసం ఉండే అవకాశం ఉంది. పెద్దవారి మనసు నొప్పించడం ఇష్టం లేకపోతే, బిడ్డ నోటికి అందని చోట, పైన కప్పే పొత్తిగుడ్డ మూలన ఒక చుక్క పెట్టించండి.

సంచి

నొప్పులు మొదలయ్యాక ఎవరూ ఏదీ వెతకలేరు గనుక ఎనిమిదో నెల దాటగానే సంచి సర్దాలి. ఇంటికి వచ్చే రోజు బట్టలను విడిగా ఒక గుడ్డసంచిలో కట్టి, ఆసుపత్రిలో వాడేవాటితో కలవకుండా చూడాలి, లేకపోతే మూడో రోజుకల్లా అవన్నీ తడిసి ఉంటాయి. జుబ్బాలు మూడు, లంగోటీలు ఆరు, చిన్న సైజు డైపర్లు నాలుగు, పొత్తిగుడ్డలు నాలుగు, టోపీ ఒకటి, మేజోళ్ళు ఒక జత, తడిసినవి వేయడానికి ఒక సంచి అవసరం. తొలి రెండు మూడు రోజుల మలం నల్లగా తారులా అంటుకుంటుంది, మరక సరిగా వదలదు, కాబట్టి ప్రయాణానికి మాత్రం లంగోటీ అభిమానులు కూడా ఒక డైపరు వాడటం తెలివైన పని.

ఇదే సంచిలో తల్లి బట్టలను మరచిపోవడం మామూలు. ముందు వైపు తెరుచుకునే వదులు నైటీ, పైన ఒక చున్నీ ఉంటే దారిలో పాలివ్వడం సులభం. ఆపరేషన్ అయినవారికి లంగా బొందు సరిగ్గా కుట్టు మీద పడుతుంది, అందుచేత చీర కట్టించాలని పట్టుబట్టవద్దు.

ఆ ఉదయం

వైద్యుల చివరి పరీక్ష, కాగితాలు, మందుల చీటీ పూర్తయ్యాక పాలు పట్టించి, త్రేపు వచ్చేలా భుజాన వేసుకుని, ఆ తరువాతే బట్టలు మార్చండి. గాలి తగలని చోట, ఫ్యాను ఆపి, జుబ్బాను ముందే పరిచి ఉంచండి. డైపరు, జుబ్బా, అవసరమైతే లాగు, చివర పొత్తిగుడ్డ. గుడ్డ పై మూలను మడిచి, ఆ మడత భుజాల దగ్గరకు వచ్చేలా బిడ్డను పడుకోబెట్టి, రెండు పక్కలూ ఛాతీమీదుగా తేవాలి. ఛాతీకీ గుడ్డకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి, తొడలు పైకి మడుచుకుని కదిలించగలగాలి. కాళ్ళు నిటారుగా చాపి కర్రలా బిగించి చుడితే తుంటి కీలుకు హాని. పిల్లల సీటున్న కారులో వెళ్ళేవారు బిడ్డను చుట్టకూడదు. కాళ్ళు విడివిడిగా ఉన్న బట్ట తొడిగి, ముందు బెల్టు బిగించి, పొత్తిగుడ్డను బెల్టు పైనుంచి కప్పాలి.

సరిపడా తొడిగామా లేదా అన్నది చేతితో తెలుసుకోవచ్చు. మీ చేతి వెనుక వైపుతో బిడ్డ పొట్టనూ అరికాళ్ళనూ తాకండి. రెండూ గోరువెచ్చగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పొట్ట వెచ్చగా, కాళ్ళు చల్లగా ఉంటే ఒక పొర పెంచాలి. రెండూ చల్లగా ఉంటే బయలుదేరకుండా నర్సును పిలవాలి. మెడ వెనుక చెమట తగిలితే ఒక పొర తీయాలి. ప్రతి అరగంటకూ దారిలో ఇలాగే చూడండి.

దారిలో, గడప దగ్గర

ఎండలో నిలిపిన కారు సీటును, బెల్టు కొక్కేన్ని ముందు చల్లబరచండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా కారులో తీసుకువెళితే 1000 రూపాయల జరిమానా ఉంది. పసిబిడ్డకైతే వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలి, దాన్ని వెనుక సీట్లో బిగించాలి. ఒడిలో పట్టుకోవడం దానికి సాటి రాదు. ఆటోలో వెళ్ళక తప్పనివారు మధ్యలో కూర్చుని, గాలికి పక్కన తెర కట్టించి, నెమ్మదిగా నడపమనండి. బిడ్డ మొహం మీద గుడ్డ కప్పవద్దు. ద్విచక్ర వాహనం వద్దు.

ఇంటి ముందు ఎర్రనీళ్ళ హారతి పట్టేటప్పుడు వేలాడే పొత్తిగుడ్డ కొంగును లోపలికి దోపి, పళ్ళేన్ని బారెడు దూరంలో తిప్పమనండి. ఫోటో దిగాలంటే నీడలో, గడప దాటకముందే, ఒకటి రెండు తీసుకోండి. లోపలికి వెళ్ళగానే టోపీ తీసేయాలి, ఇంట్లో పడుకునేటప్పుడు అది అక్కరలేదు. చూడవచ్చినవారు కూర్చునేలోపే బిడ్డను గదిలోకి తీసుకువెళ్ళి, ప్రయాణపు బట్టలు విప్పి, బొడ్డు పొడిగా ఉందో, కాలివేళ్ళకు పోగులేమైనా చుట్టుకున్నాయో, కంటి తెల్లగుడ్డులో పచ్చదనం ఉందో పగటి వెలుగులో చూసి, ఉతికిన మరో జుబ్బా తొడిగి, తల్లి ఒడిలో పాలకు పెట్టండి.